పెద్దింజను బండి కొనాలా వద్దా

మార్చి 11, బుధవారం

చిరంజీవి తుమ్మెదకు అక్క దీవెనలు. ఇక్కడ నేను క్షేమం, మీ బావ క్షేమం, పెట్టెల్లో తేనెటీగలు మా ఇద్దరికన్నా క్షేమం. ఆ బేకరీ పొయ్యి సెగకి నువ్వు చిక్కిపోకుండా ఉన్నావని తలుస్తాను.

నా దగ్గర్నుంచి ఉత్తరమేమిటని కళ్ళు పెద్దవి చేయకు. ఫోను చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా రెండో మాటకి అరుచుకుంటాం, మూడో మాటకి ఎవరో ఒకరం పెట్టేస్తాం. కాగితం మీదైతే నువ్వు నా మాటకి అడ్డు రాలేవు, అదొక సుఖం. మీ బావ నడిపే బస్సు ఎలాగూ మీ బేకరీ ఉన్న వీధి మీదుగానే పోతుంది కాబట్టి రేపు పొద్దున ఆయన చేతికిచ్చి పంపుతాను. ఆయన్ని నిలబెట్టి ప్రశ్నలు వేయకు. ఆయనకేమీ తెలియదు, తెలిసినా సగమే చెబుతారు.

సంగతికి వస్తాను. కొత్త బండి కొనాలా వద్దా అన్నది తేలడం లేదు. మన పాత ఏటీవీ ఉంది చూడు, నాలుగుకాళ్ళ మోటారు సైకిలు అని నాన్న పిలిచేవారు, అలాంటిదే. అవే లావుపాటి చక్రాలు, అదే హ్యాండిలు, వెనక పెట్టెలు పెట్టుకునే ఇనప చట్రం. కానీ ఇంజను మాత్రం దానికి మూడింతలు. ఏడువందల సీసీ. నాన్నే ఉంటే, మీరు కొనేది పెట్టెలు మోయడానికా, కొండని మోయడానికా అని అడిగి ఉండేవారు. నేనూ అదే అడుగుతున్నాను నన్ను. పొద్దున కొనేద్దామనిపిస్తుంది, పళ్ళు తోముకునేసరికి వద్దనిపిస్తుంది, మధ్యాహ్నానికి మళ్ళీ మొదటికొస్తుంది. రెండు రోజులుగా కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతున్నాను. నిన్నయితే ఏం తోచక వంటింట్లో పై అలమరలో ఉన్న డబ్బాలన్నీ కింది అలమరలోకి మార్చాను. మీ బావ పంచదార కోసం వెతికి వెతికి చివరికి మానేసి కాఫీ చేదుగానే తాగారు.

నిన్నెందుకు అడుగుతున్నానంటావేమో. తోట ఇద్దరిది. పెట్టెల్లో సగం నీవి. నువ్వు వెళ్ళిపోయావు గానీ నీ పెట్టెలు నీతో రాలేదు, వాటినీ నేనే చూస్తున్నాను. కాబట్టి బండి కొంటే నీకూ కొన్నట్టే, ఈగల్ని వదులుకుంటే నీవీ వదులుకున్నట్టే.

వదులుకోవడమేమిటంటావా. తేనె వ్యాపారి వచ్చాడు పోయిన వారం. ఎప్పుడూ డబ్బాలు తూచుకుని వెళ్ళే మనిషి ఈసారి కొండదాకా నడిచొచ్చి, పెట్టెల మధ్య చేతులు వెనక్కి పెట్టుకుని తిరిగాడు. అన్నీ తనకిచ్చేయమన్నాడు, పెట్టెలూ, ఈగలూ, కొండమీది చదునూ. ఈ వయసులో మీకెందుకమ్మా ఈ కష్టం అన్నాడు. ఈ వయసంట! ఆయన బుగ్గలు జారిపోయి ఎన్నాళ్ళయిందో ఆయన అద్దంలో చూసుకున్నట్టు లేడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. నాకు ఒళ్ళు మండింది. అయినా ఆదివారం కల్లా మాట చెబుతానన్నాను. అంటే ఆదివారం లోపల నేను బండి కొంటానో, ఈగల్ని ఇచ్చేస్తానో తేల్చుకోవాలి. మధ్యేమార్గం లేదు. గూడు పెట్టెల మీద పేర్చిన పై పెట్టెలు తేనెతో నిండుతున్నాయి, వానలు మొదలయ్యేలోగా వాటిని కిందికి దించాలి. పాత బండితో నా వల్ల కాదు.

నిరుడు తూకం రోజున మనిద్దరం విడిపోయింది ఆ వ్యాపారి ముందే కదా. తేనెపట్టు గదులకి మైనం మూతలు పడకముందే నేను తేనె తీశానని, అది నీళ్ళలా ఉందని, నువ్వు డబ్బా మూత తీసి గరిటెతో ఎత్తి ఆయనకి చూపించావు. "కక్కుర్తి పడి పచ్చి తేనె తీసే మనిషితో నేను పని చేయను" అన్నావు. "చేయకు, పో" అన్నాను నేను. మర్నాటికి నీ బట్టల పెట్టె సర్దుకున్నావు. తేనె పచ్చిదన్న మాట నిజం. అప్పుడూ కాదనలేదు, ఇప్పుడూ కాదనను. ఆ కథ ఇక్కడ వదిలేస్తున్నాను. నేను రాస్తున్నది బండి గురించి.

పాత బండి మొండికేసింది. దాని మీట నొక్కే స్టార్టు పోయి చాలా కాలమైందని నీకు తెలుసు, తాడు లాగితేనే లేస్తుంది. ఈమధ్య నేనెంత లాగినా రెండు దగ్గులు దగ్గి పడుకుంటోంది. మన మెకానిక్కుని పిలిపించాను, అదే, నువ్వు బోల్టు అని పేరు పెట్టిన పొట్టాయన. ఆయన వచ్చి చేతులైనా తుడుచుకోకుండా తాడు ఒక్క లాగు లాగాడు. పాడు బండి మొదటి లాగుకే లేచి కూర్చుంది! బండిలో రోగమేమీ లేదమ్మా, ఏదీ ఒకసారి మీరు లాగండి చూద్దాం అన్నాడు. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి లోపలికి వచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేవు. ఆడలేక మద్దెల ఓడంటున్నానని ఆయన అనుకుని ఉంటాడు. మీట స్టార్టు బాగుచేయమంటే, ఆ సామాను ఇప్పుడెక్కడా దొరకడం లేదన్నాడు. మంచి మనిషే, కానీ అన్నీ కనిపెడతాడు. అలాంటివాళ్ళంటే నాకు చిరాకు.

అందుకే సోమవారం బండ్ల దుకాణానికి వెళ్ళాను. సోమవారమే కాదు, మంగళవారం కూడా వెళ్ళాను. నవ్వుకో. అక్కడ అమ్మకాలు చూసే బట్టతలాయన ఒకడున్నాడు, ఏమడిగినా పాఠం అప్పజెప్పినట్టు చెబుతాడు. నాలుగు చక్రాలకీ ఇంజను బలం వెళుతుందట. బురదలో ఒక చక్రం కూరుకుపోయినా మిగతా మూడూ ఈడ్చుకొస్తాయట. ముందువైపు ఇనప తాడు చుట్టిన చక్రం ఉంది, చెట్టు మానుకైనా తగిలించి లాగొచ్చట. నేనదంతా విని, ఇది పెట్టెని నేల మీంచి పైకెత్తి తన మీద పెట్టుకుంటుందా అని అడిగాను. లాగుతుంది, ఎత్తదు మేడమ్ అన్నాడు. పక్కనున్న వాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాను. పెట్టెలు ఎక్కించడానికి ఎంతమంది ఉంటారని అడిగాడు. ఒక్కర్తినే అన్నాను. ఆయన వంగి సీటు దులిపాడు.

కానీ నడపడం ఉంది చూశావూ, దాని గురించి చెప్పి తీరాలి. దుకాణం వెనక ఖాళీ స్థలంలో మట్టి దిబ్బలు పోసి, పాత టైర్లు పాతి, కొండదారిలా చేసి పెట్టారు. ఎక్కి కూర్చున్నాను. మీట నొక్కితే చాలు, పిల్లి గుర్రుమన్నట్టు మొదలైంది. హ్యాండిలు ఎంత తేలికంటే, మలుపుల్లో ఎడమ చెయ్యి ఒక్కటే ఆనించి తిప్పేశాను. పాతదాన్ని మలుపు తిప్పాలంటే మోచేతులు ఊడొచ్చేవి కదా, ఇది వేలితో తిరుగుతుంది. దిబ్బ ఎక్కేటప్పుడు ఇంజను గొంతు కూడా మారలేదు. ఒక చుట్టు తిరగమన్నాడాయన. నేను ఎన్ని తిరిగానో నాకే తెలియదు. చివరికి ఆయనే దారికి అడ్డం వచ్చి రెండు చేతులూ ఊపి ఆపాడు. కొన్నాక మీ ఇంటి దగ్గర తిరుగుదురుగాని మేడమ్ అన్నాడు. సిగ్గేసింది. సంతోషంగా కూడా ఉంది. నువ్వుంటే వెనక కూర్చుని అరిచి గోల చేసేదానివి.

ఇంటికొచ్చి గేటు చూశాక ఆ సంతోషం కాస్తా దిగిపోయింది. చీపురు పుల్లతో కొలిచాను. ఆ బండి మన గేట్లో పట్టదు. తా దూర సందు లేదు, మెడకో డోలన్నట్టుంది నా వ్యవహారం. ఒక స్తంభం తీసి పక్కకి జరపాలి. పట్టిందే అనుకో, ఆ బరువుకి వానలో కొండదారి మిగలదు, మలుపు దగ్గర గట్టు జారిపోతుంది. జారదనుకో, ఇంత పెద్ద ఇంజను మోతకీ పొగకీ ఈగలు ఊరుకోవు. పెట్టెలకి బాగా దూరంగా ఆపాలి, అక్కడినుంచి మళ్ళీ చేతుల మీద మోతే. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని బోల్టు కూడా అన్నాడు. చిన్న ఇంజనుదే, ఇదే తరహా హ్యాండిలు ఉన్నది తీసుకోమన్నాడు. అదీ చూశాను. ఖాళీ పెట్టెలు వేసుకుని మన కొండ ఎక్కాలన్నా మలుపు దగ్గర దిగి తోయాలి. తోయడం కూడా నా వల్ల కాదు.

ఇక్కడికి ఆపుతున్నాను, మీ బావ అన్నానికి పిలుస్తున్నారు.

గురువారం, సాయంత్రం

పొద్దున ఈ ఉత్తరం ఇచ్చి పంపలేదు. మీ బావ వాకిట్లో చెప్పులు వేసుకుని చెయ్యి చాపారు, ఇంకా పూర్తి కాలేదన్నాను. ఆయన నా వంక ఒకసారి చూసి వెళ్ళిపోయారు. రెండు పేజీలు నిండాయి, ఇంకేం పూర్తి కావాలో నాకూ తెలియదు.

మీ బావని సలహా అడగలేదనుకోకు, అడిగాను. పెద్దింజనుదే కొననా అంటే కొను అన్నారు. వద్దేమో అంటే, సరే వద్దులే అన్నారు. గోడనడిగినా అదే జవాబు వస్తుంది. అసలు నీ మనసులో ఏముందో చెప్పు, అప్పుడు నేనూ ఒక మాట చెబుతాను అన్నారు చివరికి. ఆ ప్రశ్నకి నాకు కోపం వచ్చింది, ఎందుకో తెలియదు. మీకు బస్సు తప్ప ఏం తెలుసని కసిరాను. పాపం ఆయన్ని అనుకుని ఏం లాభం, ఒక్క ఈగ కుడితే మొహం గుమ్మడికాయంత అవుతుంది, కొండ వైపు అడుగే పెట్టరు. బండికి చేసే అప్పు సంగతి ఆయనా నేనూ చూసుకుంటాం, దాని గురించి నువ్వు బెంగపడకు. బెంగ అది కాదు.

మధ్యాహ్నం నడిచి పైకి వెళ్ళొచ్చాను. ఈ ఏడు పూత విరగబూసింది తుమ్మెదా. చదును మొదట్లో అడుగు పెట్టగానే ఆ రొద వినిపిస్తుంది, అదే, చిన్నప్పుడు నువ్వు దుప్పట్లో దూరి నోటితో చేస్తే అందరం నిన్ను తుమ్మెదా అని పిలవడం మొదలుపెట్టాం, ఆ రొద. నీ పెట్టెల్లో మూడోది, కోపిష్టి పెట్టె అంటావే, నేను ఈగల ముసుగు వేసుకునేలోగానే అందులోది ఒకటి నుదుటి మీద కుట్టింది. వాటికి ఇంకా నీ మీదే ప్రేమ. మూతలు ఎత్తి చూశాను. తేనెపట్టు కట్టిన మధ్య ఫ్రేములకి మైనం మూతలు పడుతున్నాయి, అంచుల్లో ఇంకా పడలేదు. తేనె చిక్కబడుతోంది. ఇంకొంచెం ఆగితే అన్నీ మూసుకుంటాయి. ఇంత మంచి తేనె నాన్న రోజుల్లో కూడా రాలేదేమో. పెట్టెల మధ్య కూర్చుని వ్యాపారి కార్లో ఇవన్నీ వెళ్ళిపోతున్నట్టు ఊహించుకున్నాను. ఏడుపొచ్చింది. ముసుగు వేసుకుని ఏడిస్తే ముక్కు తుడుచుకోవడానికి కూడా ఉండదు, అదొక నరకం.

నువ్వు లేక ఈ ఇల్లు తోచడం లేదు. ఈ మాట రాయకూడదనుకున్నాను, రాసేశాను, ఉండనీ. తిట్టుకోవడానికైనా మనిషి కావాలి. మీ బావని తిడితే ఆయన బస్సు తుడుచుకుంటారు.

సరే, బండి విషయం నువ్వే తేల్చు. చిన్నప్పటినుంచీ నాకు కావలసింది నేను ఎంచుకునేలోపే, నీకు కావలసింది ఇద్దరికీ ఎంచేదానివి. కొనమంటే కొంటాను. వద్దంటే ఆదివారం వ్యాపారితో సరేనంటాను, నీ వాటా నీకు పంపుతాను. అవునో కాదో ఒక్క ముక్క రాసి మీ బావ చేతికియ్యి చాలు. పెద్ద ఉత్తరం అక్కర్లేదు, నీ దస్తూరీ చదవాలంటే ఎలాగూ భూతద్దం కావాలి.

వేళకి తిను. నిలబడి నిలబడి నీ కాళ్ళు వాస్తాయి, పడుకునే ముందు కాసేపు ఎత్తుగా పెట్టుకో.

నీ మొండి అక్క

తా.క. శుక్రవారం పొద్దున. బస్టాండులో మీ బావ బస్సు మెట్టు మీద కూర్చుని రాస్తున్నాను. కవరు అంటించి ఆయన చేతిలో పెట్టి, ఇంటివైపు నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి లాక్కుని చించాను. ప్రయాణికులు వింతగా చూస్తున్నారు. మీ బావ టైరులో గాలి చూస్తున్నట్టు నటిస్తూ నాకు టైమిస్తున్నారు.

ఇంజను గురించి అంత రాసి అసలు మాట రాయలేదు. నా కుడి భుజం లేవడం లేదు తుమ్మెదా. చెయ్యి రొమ్ము ఎత్తుకి వచ్చేసరికి ఎవరో పట్టుకున్నట్టు ఆగిపోతుంది. ఇది ఈ ఏటిది కాదు, నిరుడు కూడా ఇంతే. డాక్టరు చూసి, ఇది పూర్తిగా బాగయ్యేది కాదు, బరువులు మానుకోండి అన్నాడు. మీ బావకి చెప్పలేదు. చెబితే ఆయన ముందు ఈగల్నే పంపించేస్తారు.

నిరుడు పై పెట్టెల్ని మైనం మూతలు పడేదాకా ఉంచితే, నిండిన పెట్టె దించడం నా చేత కాదు. ఫ్రేములు ఒక్కొక్కటీ తీద్దామంటే, అంతసేపు మూత తెరిచి ఉంచితే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి, నీకు తెలియనిది కాదు. నిన్ను పిలిస్తే నా భుజం నీ కంట పడుతుంది. అందుకని నువ్వు సీసాలు కొనడానికి పట్నం వెళ్ళిన వారం, పెట్టెలు సగం బరువు ఉండగానే, పొట్టకి ఆనించుకుని ఎలాగో దించేశాను. పచ్చి తేనె అలా వచ్చింది. కక్కుర్తి కాదే.

వ్యాపారి ముందు నువ్వు ఆ మాట అన్నప్పుడు ఒక్క ముక్క చెబితే సరిపోయేది. నోరు రాలేదు. చేతకానిదాన్నని చెప్పుకోవడం కన్నా కక్కుర్తిదాన్ననిపించుకోవడమే నాకు తేలికనిపించింది. అంత పొగరు నాకు. నువ్వు గుమ్మం దాటుతుంటే కూడా ఆ పొగరే నా నోరు మూసింది.

ఏడువందల సీసీ బండి కొంటే తాడు లాగక్కర్లేదు, ఒంటి చేత్తో మలుపు తిప్పుకుంటూ కొండెక్కుతాను. ఎక్కి ఏం చేయను? నిండు పెట్టెని నేల మీంచి బండి మీదికి చేర్చడం ఎంత పెద్ద ఇంజను వల్లా కాదు, ఇంకో మనిషి కావాలి. బేకరీ మానేయమనడం లేదు. వారానికి నీకు ఒక సెలవు ఉంటుందట కదా, తేనె దించే నెలలో ఆ ఒక్కరోజు వచ్చినా చాలు. వస్తానంటే బండి కొంటాను. రానంటే ఈగలు వ్యాపారివి.

మీ బావ హారన్ కొడుతున్నారు. జాలిపడి మాత్రం రాకు. నా ఎడమ చెయ్యి బాగానే ఉంది, పెట్టె ఒక పక్క నేను ఎత్తగలను. నీ కోపం తీరకపోయినా ఫరవాలేదు, ఆ కోపంతోనే వచ్చి రెండో పక్క పట్టుకో.